ఉలిక్కిపడటం పిరికితనం కాదు: ఒళ్లు వెనక్కి తగ్గడం వెనక ఏం జరుగుతుంది?

క్లుప్తంగా: వేడి తగలగానే చేయి వెనక్కి రావడం, పెద్ద శబ్దానికి ఉలిక్కిపడటం, మీదికి వస్తున్న వస్తువు నుంచి తల తప్పించుకోవడం చూడటానికి ఒకేలా ఉంటాయి. నిజానికి ఇవి వేర్వేరు నాడీ మార్గాలు చేసే పనులు. ఆలోచన పూర్తయ్యేలోపే ఇవి జరిగిపోతాయి. భయం, అలవాటు, ముందస్తు అంచనా వీటి తీవ్రతను పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. ఒక్కసారి ఉలిక్కిపడటాన్ని చూసి ఎదుటి మనిషి ధైర్యాన్నో నిజాయితీనో తేల్చడానికి శాస్త్రీయ ఆధారం లేదు.

మనుషుల్లో, జంతువుల్లో భావాలు బయటపడే తీరు గురించి చార్లెస్ డార్విన్ 1872లో ఒక పుస్తకం ప్రచురించాడు. తన మీద తాను చేసుకున్న ఒక చిన్న పరీక్షను అందులో రాశాడు. లండన్ జూలో పఫ్ ఆడర్ అనే విషసర్పాన్ని మందపాటి అద్దం వెనక ఉంచారు. డార్విన్ ఆ అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, పాము మీదికి దూకినా కదలకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాడు. పాము దూకింది. ఆ నిశ్చయం ఎందుకూ పనికిరాలేదు. ఒకటి రెండు గజాల దూరం వెనక్కి గెంతేశాడు. తాను ఎన్నడూ ఎదుర్కోని ప్రమాదం తలపుకొచ్చేసరికి తన సంకల్పం, వివేకం రెండూ చేతులెత్తేశాయని ఆయనే రాసుకున్నాడు.

అద్దం ఉందని, పాము కాటు తనను చేరదని ఆయనకు తెలుసు. అయినా కాళ్లు ఆగలేదు. తెలిసిన విషయం కాళ్లను ఎందుకు ఆపలేకపోయింది? ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం వల్లే ఉలికిపాటు గురించి చాలా అపార్థాలు వచ్చాయి. ఒక వీడియోలో ఎవరైనా అదిరిపడితే ‘భయపడ్డాడు’ అనేస్తారు. ప్రశ్న అడగ్గానే ఎవరైనా వెనక్కి జరిగితే ‘ఏదో దాస్తున్నాడు’ అంటారు. చిన్న శబ్దానికే తుళ్లిపడేవాళ్లను పిరికివాళ్ల కింద జమకడతారు. ఈ తీర్పులన్నీ ఉలికిపాటును మనిషి తీసుకున్న నిర్ణయంగా చూస్తాయి. చాలావరకు అక్కడ నిర్ణయమే ఉండదు.

వెన్నుపాము దగ్గరే తేలిపోయే పని

అన్నిటికన్నా సూటిగా ఉండేది నొప్పి నుంచి వెనక్కి తగ్గడం. స్కూలు పాఠాల్లో దీన్నే అసంకల్పిత ప్రతీకార చర్యకు (రిఫ్లెక్స్‌కు) ఉదాహరణగా చెబుతారు. వేలు వేడి వస్తువుకు తగిలిందనుకుందాం. చర్మంలో నొప్పిని పసిగట్టే నాడీ కొసలున్నాయి. వాటి మీద వేడికి తెరుచుకునే ప్రోటీన్ ద్వారాలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుంది. ఈ ద్వారాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు, స్పర్శను గ్రహించే ద్వారాలను గుర్తించిన ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

అక్కడ పుట్టిన సంకేతం వెన్నుపాముకు చేరుతుంది. అక్కడున్న మధ్యవర్తి నాడీకణాలు చేతిని మడిచే కండరాలకు ‘బిగుసుకో’ అని, చాపే కండరాలకు ‘వదులు’ అని ఒకేసారి ఆదేశం పంపుతాయి. రెండో ఆదేశం లేకపోతే కండరాలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, చేయి కదలదు. ఈ ఏర్పాటును వివరంగా శోధించిన బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్‌కు 1932లో నోబెల్ దక్కింది. నడుస్తూ మేకు తొక్కితే పని ఇంకాస్త పెద్దది. ఆ కాలు పైకి లేవడంతో పాటు రెండో కాలు నిటారుగా బిగుసుకుని ఒంటి బరువంతా మోయాలి. లేకపోతే మనిషి మేకు మీదే పడతాడు. ఈ సమన్వయం కూడా వెన్నుపాములోనే జరుగుతుంది.

ఇదంతా సెకనులో సుమారు పదో వంతులో మొదలైపోతుంది. సంకేతం మరో దారిలో మెదడుకూ వెళ్తుంది కానీ, అది నొప్పిగా అనుభవంలోకి వచ్చేసరికి చేయి అప్పటికే కదులుతూ ఉంటుంది. నొప్పి కూడా రెండు విడతలుగా వస్తుంది. పలచటి తొడుగున్న నాడీ తంతువులు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పదునైన మొదటి పోటును తెస్తాయి. తొడుగు లేని సన్నటి తంతువుల వేగం సెకనుకు ఒక మీటరు అటూ ఇటుగా ఉంటుంది. కాలికి దెబ్బ తగిలినప్పుడు ముందు చురుక్కుమని, కాస్త ఆగి మంట మొదలవడానికి కారణం ఇదే.

ఈ పని వెన్నుపాములోనే జరుగుతుందని తేలడానికి చాలా కాలం పట్టింది. 17వ శతాబ్దంలో రెనే డెకార్ట్ నిప్పు దగ్గర కాలు పెట్టిన మనిషి బొమ్మతో ఈ చర్యను వివరించాడు. కాలి నుంచి ఒక దారం మెదడు దాకా వెళ్లి అక్కడ ద్వారం తెరుస్తుందని ఊహించాడు. 18వ శతాబ్దంలో స్కాట్లాండ్ వైద్యుడు రాబర్ట్ విట్, తల తీసేసిన కప్ప కూడా గిల్లితే కాలు వెనక్కి లాక్కుంటుందని, వెన్నుపామును నాశనం చేస్తే మాత్రం లాక్కోదని చూపించాడు. అంటే కాలు వెనక్కి రావడానికి మెదడుతో పని లేదు.

అలాగని మెదడుకు ఇందులో ఏ పాత్రా లేదనుకోకూడదు. పై నుంచి దిగే నాడీ మార్గాలు ఈ చర్యను కొంత అణచగలవు. చేతిలో ఉన్న వేడి గిన్నెను పడేయకుండా, పళ్లు బిగించి కింద పెట్టేదాకా పట్టుకోగలగడం అందువల్లే. కాకపోతే వేడిగా ఉంటుందని ముందే తెలిసి ఉండాలి.

ఉలికిపాటుకు దిశ ఉండదు

తుపాకీ పేలినట్టు ఒక్కసారిగా వచ్చే శబ్దానికి శరీరం స్పందించే తీరు వేరు. నొప్పి నుంచి తప్పుకునే కదలికకు ఒక దిశ ఉంటుంది. దెబ్బ తగిలిన చోటు నుంచి అది దూరంగా పోతుంది. ఉలికిపాటు ఎటూ పోదు. శరీరం తనలోకి తాను ముడుచుకుంటుంది.

1930ల్లో కార్నీ లాండిస్, విలియం హంట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు పిస్టల్ పేలుస్తూ మనుషుల స్పందనను వేగవంతమైన కెమెరాతో చిత్రీకరించారు. అందరిలోనూ దాదాపు ఒకే వరస కనిపించింది. ముందు కళ్లు మూసుకుపోతాయి. తల ముందుకు వంగుతుంది, భుజాలు పైకి లేస్తాయి, మోచేతులు మడుచుకుంటాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, పొట్ట బిగుసుకుంటుంది, మోకాళ్లు కొద్దిగా వంగుతాయి. కళ్లు, మెడ, పొట్ట దాడికి సులువుగా దొరికే భాగాలు. దెబ్బ ఎటు నుంచి వస్తుందో ఇంకా తెలియని క్షణంలో వాటిని కాపాడటమే ఈ భంగిమ పని అని ఎక్కువమంది పరిశోధకుల అవగాహన.

కనురెప్ప కండరం శబ్దం మొదలైన 30 నుంచి 50 మిల్లీసెకన్లలోనే బిగుసుకుంటుంది. ‘ఇప్పుడు కదలాలి’ అనుకుని మీట నొక్కడానికి మనిషికి కనీసం 150 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంత వేగానికి కారణం దారి పొట్టిగా ఉండటం. చెవి నుంచి వచ్చిన సంకేతం మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలోని కొన్ని భారీ నాడీకణాలను చేరుతుంది. అక్కడి నుంచి నేరుగా వెన్నుపాముకు దిగుతుంది. ఆ శబ్దం ఏమిటి, ఎవరు చేశారు, ప్రమాదమా కాదా అని విశ్లేషించే మెదడు పై పొరలు ఈ దారిలో లేవు. శబ్దం ఎంత పెద్దది అన్నదొక్కటే సరిపోదు, ఎంత హఠాత్తుగా మొదలైంది అన్నదీ ముఖ్యమే. నెమ్మదిగా పెరుగుతూ అంతే తీవ్రతకు చేరిన శబ్దానికి ఎవరూ ఉలిక్కిపడరు.

పసిపిల్లల్లో కనిపించే మోరో రిఫ్లెక్స్‌ను చాలామంది ఉలికిపాటే అనుకుంటారు. 1918లో దీన్ని వర్ణించిన వైద్యుడు ఎర్న్‌స్ట్ మోరో పేరు దానికి స్థిరపడింది. తలకు ఆసరా జారినట్టు అనిపిస్తే బిడ్డ రెండు చేతులూ బారచాపి, మళ్లీ దగ్గరకు తెచ్చుకుంటుంది. ఉలికిపాటులో చేతులు ముడుచుకుంటాయి, ఇక్కడ ముందు చాచుకుంటాయి. ఇది సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కనుమరుగవుతుంది. ఉలికిపాటు జీవితాంతం ఉంటుంది.

మీదికి వచ్చేదాన్ని కళ్లు కొలుస్తాయి

డార్విన్ గెంతింది నొప్పికీ కాదు, శబ్దానికీ కాదు. కంటి ముందు ఒక ఆకారం వేగంగా పెద్దదైంది. 1962లో షిఫ్, కేవినెస్, గిబ్సన్ అనే పరిశోధకులు కోతుల ముందు తెర మీద ఒక నీడను పెంచుతూ పోయారు. కోతులు వెనక్కి దూకాయి. అదే నీడను చిన్నది చేస్తూ పోతే అవి పట్టించుకోలేదు. కంటిలో బొమ్మ పెరిగే వేగాన్ని బట్టి ‘ఢీకొనబోతోంది’ అని లెక్కగట్టే నాడీకణాలు మిడతల్లో కూడా ఉన్నాయి.

మెదడు ఒంటి చుట్టూ ఒక రక్షణ వలయాన్ని ఊహించుకుని ఉంటుందనే ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది. చేతి మణికట్టు దగ్గర చిన్న విద్యుత్ షాక్ ఇస్తే కనురెప్ప కొట్టుకుంటుంది. అదే చేతిని ముఖానికి దగ్గరగా పెట్టి షాక్ ఇస్తే రెప్ప మరింత గట్టిగా కొట్టుకుంటుంది. షాక్ మారలేదు, ముఖానికి దూరం మాత్రమే మారింది. ఎవరైనా మరీ దగ్గరగా వచ్చినప్పుడు తెలియకుండానే తల వెనక్కి పోవడంలో ఇలాంటి ఏర్పాటు పాత్ర ఉంటుంది.

జంతువుల్లో ఈ తప్పుకునే ఏర్పాటు ఎంత పాతదో చూస్తే దాని ప్రాధాన్యం తెలుస్తుంది. చేపల మెదడు వెనక భాగంలో మౌథ్నర్ కణాలనే ఒక జత భారీ కణాలు ఉంటాయి. వాటిలో ఒకటి ఒక్కసారి సంకేతం పంపితే చాలు, చేప సుమారు 10 మిల్లీసెకన్లలో ఒళ్లు వంచి ముప్పుకు అవతలి వైపు తిరుగుతుంది. స్క్విడ్ నీటిని చిమ్మి వెనక్కి దూసుకుపోయేందుకు వాడే నాడీ తంతువు మందం ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. మనిషి నాడీ తంతువుల మందం మిల్లీమీటరులో వందో వంతు అటూ ఇటుగా ఉంటుంది. అంత లావు తంతువు దొరికింది కాబట్టే హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దాని లోపలికి ఎలక్ట్రోడ్ పంపి నాడీ సంకేతం విద్యుత్తుగా ఎలా ప్రయాణిస్తుందో తేల్చగలిగారు. 1963లో వారికి నోబెల్ వచ్చింది. పారిపోవడానికి ఒక సముద్రజీవి వాడే తీగ నుంచి మన నాడీశాస్త్రానికి పునాది పడింది.

అదే శబ్దం, వేర్వేరు ఉలికిపాట్లు

ఉలికిపాటు రావడం మన చేతుల్లో లేకపోయినా, దాని తీవ్రత స్థిరంగా ఉండదు. ఈ అంశం మీద జరిగిన పరిశోధన చాలా ఎక్కువ.

1951లో బ్రౌన్, కాలిష్, ఫార్బర్ ఎలుకలకు ఒక సంకేతం తర్వాత షాక్ వస్తుందని అలవాటు చేశారు. తర్వాత ఆ సంకేతం ఉన్నప్పుడు పెద్ద శబ్దం చేస్తే అవి మామూలు కన్నా ఎక్కువ ఎగిరిపడ్డాయి. భయం ఉలికిపాటును పుట్టించలేదు. అప్పటికే ఉన్న ఉలికిపాటు తీవ్రతను పెంచింది. మెదడులో భయంతో ముడిపడిన అమిగ్డలా నుంచి మెదడు కాండంలోని ఆ భారీ కణాలకు తిన్నగా దారి ఉందని తర్వాత మైకేల్ డేవిస్ బృందం చూపింది. మనుషుల్లోనూ ఇదే తీరు. అసహ్యకరమైన లేదా భయపెట్టే ఫొటో చూస్తుండగా శబ్దం వస్తే కనురెప్ప గట్టిగా కొట్టుకుంటుంది. ఆహ్లాదకరమైన ఫొటో చూస్తుంటే తక్కువగా కొట్టుకుంటుంది. చీకట్లో, ఒంటరిగా, టెన్షన్‌లో ఉన్నప్పుడు చిన్న చప్పుడుకే గుండె జారినట్టు అనిపించడానికి కారణం ఇక్కడే ఉంది.

తగ్గించేవీ ఉన్నాయి. పెద్ద శబ్దానికి సెకనులో పదో వంతు ముందు ఉలికిపాటు పుట్టించలేనంత చిన్న చప్పుడు వినిపిస్తే, తర్వాతి స్పందన బాగా తగ్గుతుంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉన్నవారిలో ఈ తగ్గుదల సగటున తక్కువగా ఉంటుందని 1970ల చివర నుంచి పరిశోధకులు గమనిస్తున్నారు.

అలవాటు అన్నిటికన్నా బలమైనది. ఎరిక్ కాండెల్ దీన్ని అప్లీసియా అనే సముద్రపు నత్తలో చూశాడు. దాని నాడీ వ్యవస్థలో సుమారు 20,000 కణాలే ఉంటాయి. ఒంటిని మెల్లగా తాకితే అది మొప్పను లోపలికి లాక్కుంటుంది. మళ్లీ మళ్లీ తాకితే లాక్కోవడం తగ్గిపోతుంది. తోకకు ఒక షాక్ ఇస్తే మాత్రం, ఆ తర్వాత మెల్లగా తాకినా గట్టిగా లాక్కుంటుంది. నాడీకణాల మధ్య కూడళ్లలో బలం తగ్గడం, పెరగడమే ఈ మార్పులకు మూలమని ఆయన చూపాడు. 2000లో నోబెల్ అందుకున్న ఆ కృషి జ్ఞాపకశక్తి పరిశోధనకు దారి వేసింది. ఒకసారి గట్టి దెబ్బ తిన్నవాడు ఆ తర్వాత చిన్నదానికీ ఎందుకు తుళ్లిపడతాడో ఈ నత్త కొంత వివరిస్తుంది.

దెబ్బ రాకముందే తగ్గడం

తుపాకీ పేల్చినప్పుడు అది చేతిని వెనక్కి తన్నడాన్ని ఇంగ్లీషులో రికాయిల్ అంటారు. మనిషి జంకి వెనక్కి తగ్గడానికీ వాళ్లు అదే మాట వాడతారు. తుపాకీ విషయంలో ఇది న్యూటన్ మూడో నియమం. 8 గ్రాముల బుల్లెట్ సెకనుకు 350 మీటర్ల వేగంతో ముందుకు పోతే, కిలో బరువున్న తుపాకీ సెకనుకు 2.8 మీటర్ల వేగంతో వెనక్కి రావాలి. వాయువుల తోపును కలిపితే ఇంకాస్త ఎక్కువే. అయితే పొట్టి గొట్టం నుంచి బుల్లెట్ బయటపడటానికి ఒక మిల్లీసెకను అటూ ఇటుగా పడుతుంది. తుపాకీ ఎక్కువగా కదిలేది ఆ తర్వాతే. అందువల్ల కొత్తవారి గురి తప్పడానికి తుపాకీ వెనక్కి తన్నడం కన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. తుపాకీ తన్నుతుందని ముందే ఊహించి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే వారి చేయి కిందికి తోస్తుంది, కళ్లు మూసుకుంటాయి.

శిక్షకులు దీన్ని బయటపెట్టే పద్ధతి సులువైనది. మ్యాగజైన్‌లో అసలు గుండ్ల మధ్య పేలని డమ్మీ గుండ్లు కలుపుతారు. డమ్మీ వంతు వచ్చినప్పుడు ఏ తన్నూ ఉండదు, అయినా తుపాకీ మూతి కిందికి వంగుతుంది. ఇది ఉలికిపాటు కాదు, నేర్చుకున్న కదలిక. నేర్చుకున్నది కాబట్టి సాధనతో మాన్పించవచ్చు. ఉలికిపాటును మాన్పించలేం.

విమానంలో ఆ కొన్ని సెకన్లు

ఈ తేడా విమానయానంలో ప్రాణాల మీదికి వస్తుంది. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్ సముద్రంలో కూలి అందులోని 228 మందీ మరణించారు. వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు చేరింది, ఆటోపైలట్ ఆగిపోయింది. పైలట్ విమానం ముక్కును పైకి ఎత్తడంతో అది ఎగిరే పట్టు కోల్పోయింది. ఫ్రెంచ్ దర్యాప్తు సంస్థ నివేదికలో హఠాత్తుగా ఎదురైన పరిస్థితికి సిబ్బంది నివ్వెరపోవడం కూడా చర్చకు వచ్చింది.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతుంటాయి. ఉలికిపాటు సెకనులోపు ముగిసే కండరాల చర్య. ఆశ్చర్యం అంటే కళ్ల ముందున్నది తన అంచనాతో సరిపోలక మెదడు తడబడటం. అది ఎన్నో సెకన్లు సాగగలదు. అందుకే ఇప్పుడు సిమ్యులేటర్ శిక్షణలో ముందే చెప్పిన లోపాలతో పాటు చెప్పని లోపాలనూ పెడుతున్నారు. పైలట్ ఉలిక్కిపడకుండా చేయడం వాటి లక్ష్యం కాదు. ఉలిక్కిపడిన తర్వాత, ముందు విమానాన్ని నిలకడగా ఉంచి, ఆ తర్వాత కారణం వెతికే క్రమం అలవాటు కావాలి.

జబ్బుగా మారినప్పుడు

వెనక్కి తగ్గే శక్తి లేకపోతే ఏమవుతుందో కొన్ని అరుదైన జన్యులోపాలు చూపిస్తాయి. నొప్పి సంకేతాలకు అవసరమైన ఒక సోడియం ద్వారం పుట్టుకతోనే పనిచేయని వారి గురించి 2006లో వెల్లడైంది. వారికి నొప్పి తెలియదు. చిన్నతనంలోనే నాలుక కొరుక్కోవడం, కాలిన గాయాలు, విరిగిన ఎముకలను గమనించకపోవడం వారిలో మామూలు.

దీనికి ఎదురు చివర, అతిగా ఉలిక్కిపడే జబ్బు హైపరెక్‌ప్లెక్సియా ఉంది. వెన్నుపాములో, మెదడు కాండంలో నాడీకణాలను నెమ్మదింపజేసే గ్లైసిన్ అనే రసాయనం సరిగా పనిచేయకపోవడం దీనికి మూలం. ఈ జబ్బున్న పసిబిడ్డ ముక్కు కొసను తడితే తల వెనక్కి విదిలిస్తుంది. ఎన్నిసార్లు తట్టినా ఆ స్పందన తగ్గదు. ఒళ్లు బిగుసుకుని ఊపిరి ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు తలను, కాళ్లను పొట్ట వైపు వంచితే బిగుతు వీడుతుంది. దీన్ని మూర్ఛగా పొరబడే అవకాశం ఉండటంతో సరైన గుర్తింపు చాలా అవసరం.

ఎక్కువమందిని తాకేది పీటీఎస్‌డీ. యుద్ధం, దాడి, ప్రమాదం వంటివి ఎదుర్కొన్న తర్వాత వచ్చే ఈ సమస్యకు అమెరికా మనోవైద్యుల వర్గీకరణ రాసిన లక్షణాల్లో అతిగా ఉలిక్కిపడటం 1980 నుంచీ ఉంది. తలుపు చప్పుడుకు తుళ్లిపడే ఆ మనిషిని పిరికివాడనడం అన్యాయం. ముప్పు ఎప్పుడైనా రావచ్చని ఒకప్పుడు సరిగ్గానే నేర్చుకున్న నాడీ వ్యవస్థ ఇంకా ఆ స్థాయిలోనే పనిచేస్తోంది. నవ్వడానికో సరదా వీడియో కోసమో అలాంటివారిని వెనక నుంచి బెదరగొడితే ఆ స్థాయి మరింత పెరగొచ్చు.

చూసేవారికి తెలిసేది ఎంత?

1985లో పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్, రోనాల్డ్ సైమన్స్ ఉలికిపాటు అసలు ఒక భావమేనా అని పరీక్షించారు. బుల్లెట్ లేని పిస్టల్‌తో నాలుగు పరిస్థితుల్లో పరీక్ష చేశారు. ముందు చెప్పకుండా ఒకసారి, ఎప్పుడు పేలుతుందో చెప్పి ఒకసారి, ఉలికిపాటును అణచుకోమని చెప్పి ఒకసారి పేల్చారు. చివరగా, ఉలిక్కిపడినట్టు నటించమన్నారు. ముందే తెలిస్తే తీవ్రత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అణచుకోవాలని ప్రయత్నించినా జాడలు మిగిలాయి. నటించినవారు సమయం దగ్గర దొరికిపోయారు. అసలు ఉలికిపాటు మొదలయ్యేంత త్వరగా ఎవరూ నటించలేకపోయారు. భయం, సంతోషం, కోపం అణచుకోవడానికైనా నటించడానికైనా కొంత వీలుంటుంది. ఉలికిపాటులో ఆ రెండూ కుదరవు కాబట్టి అది భావం కన్నా రిఫ్లెక్స్‌కు దగ్గరగా ఉందని వారు తేల్చారు.

దీన్ని బట్టి ఉలిక్కిపడిన మనిషి గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. హఠాత్తుగా ఏదో జరిగింది, అతని నాడీ వ్యవస్థ ఆ క్షణంలో ఒక స్థాయిలో ఉంది, అంతే. ఆ స్థాయి పెరగడానికి కారణం అపరాధ భావమా, పాత గాయమా, నిద్రలేమా, అంతకు నిమిషం ముందు విన్న చెడ్డ కబురా అన్నది ఆ కదలికలో కనిపించదు. ప్రయోగశాలలోనూ ఒక్క ఉలికిపాటును చూసి ఎవరూ ఏదీ తేల్చరు. కంటి కింద చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి, రెప్ప కండరంలోని విద్యుత్తును పదేపదే శబ్దాలు వినిపిస్తూ కొలిచి, ముందుగా అదే మనిషి ప్రశాంతంగా ఉన్నప్పటి కొలతలతో పోల్చి చూస్తారు.